రేడియోలో 18 వారాలు నంబర్ వన్, చార్టులో పేరే లేదు

1998 ఆగస్టులో అమెరికాలో ఏ ఊళ్లోనైనా కారు రేడియో పెడితే కాసేపటికల్లా వచ్చే పాట ఒకటుండేది. గూ గూ డాల్స్ అనే ఆల్టర్నేటివ్ రాక్ బ్యాండు చేసిన 'ఐరిస్'. రేడియో స్టేషన్లలో ఏ పాట ఎంతమందికి చేరుతోందో లెక్కగట్టి అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ వేసే ఎయిర్‌ప్లే చార్టులో అది 18 వారాలు మొదటి స్థానంలో ఉంది. అప్పటిదాకా ఆ చార్టులో ఏ పాటా పైన అన్నాళ్లు నిలవలేదు. ఆ తర్వాత కూడా ఇరవై ఏళ్లకు పైగా ఎవరూ దాన్ని దాటలేదు. 2020లో ద వీకెండ్ అనే గాయకుడి పాట 'బ్లైండింగ్ లైట్స్' వచ్చాకే ఆ రికార్డు పోయింది.

అదే బిల్‌బోర్డ్ పత్రిక వేసే పెద్ద చార్టు హాట్ 100. దేశం మొత్తం మీద ఏది హిట్టో తేల్చేది అదేనని అందరి నమ్మకం. ఆ 18 వారాల హాట్ 100 తీసి చూడండి. 'ఐరిస్' మొదటి స్థానంలో లేదు, పదో స్థానంలో లేదు, వందో స్థానంలో కూడా లేదు. పేరే లేదు.

ఈ విషయం చదివినప్పటి నుంచి చార్టు అంకెలను నేను పాత కళ్లతో చూడలేకపోతున్నాను. ఒక పాట ఎన్నో స్థానానికి వెళ్లిందన్న అంకెలో జనం ఇష్టం కొంతే ఉంటుంది. మిగతాదంతా ఆ పాటను ఎవరు, ఎలా అమ్మారు, ఎవరు ఏ నియమంతో లెక్కపెట్టారు అన్న కథ. ఆ కథ తెలియకుండా అంకెను నెత్తిన పెట్టుకోకూడదన్నది నా వాదన. దీనికి 'ఐరిస్' కంటే గట్టి సాక్ష్యం నాకు ఇంతవరకు దొరకలేదు.

ముందు లెక్క ఎలా వేసేవారో చూద్దాం. హాట్ 100 మొదలైంది 1958 ఆగస్టులో. దుకాణాల్లో సింగిల్స్, అంటే ఒక్క పాటనే విడిగా అమ్మే రికార్డుల, అమ్మకాలు ఒకవైపు, రేడియోలో ఎన్నిసార్లు వేస్తున్నారన్నది ఇంకోవైపు తీసుకుని, రెండూ కలిపి స్థానాలు ఇచ్చేవారు. దశాబ్దాల పాటు ఈ సమాచారమంతా దుకాణాలవాళ్లూ రేడియోవాళ్లూ నోటితో చెప్పిందే. ఫలానా పాట బాగా పోతోందని దుకాణం మేనేజరు చెబితే అదే లెక్క. 1991లో ఇది మారింది. క్యాష్ కౌంటర్లో బార్‌కోడ్ గీసిన ప్రతి అమ్మకాన్నీ సౌండ్‌స్కాన్ అనే వ్యవస్థ నమోదు చేయడం మొదలుపెట్టింది. రేడియోలో మోగే పాటలను కంప్యూటర్లే విని గుర్తుపట్టడం మొదలైంది. ఆ ఏడాది నవంబరు చివరి నుంచి హాట్ 100 ఈ లెక్కల మీదే నడిచింది. ఇక అబద్ధాలకు తావు లేదు, నిజమైన లెక్క వచ్చేసిందని చాలామంది అనుకున్నారు.

కానీ పాత నియమం ఒకటి అలాగే ఉండిపోయింది. దుకాణంలో సింగిల్‌గా కొనుక్కోవడానికి దొరికే పాటకే హాట్ 100లో చోటు. రేడియోలో రోజంతా మోగినా సరే, విడిగా సింగిల్‌గా అమ్మకానికి పెట్టకపోతే ఆ పాట చార్టు దృష్టిలో పుట్టనట్టే.

మ్యూజిక్ కంపెనీలు సరిగ్గా ఇక్కడే ఒక దారి చూసుకున్నాయి. సింగిల్ ధర మూడు నాలుగు డాలర్లు. పూర్తి ఆల్బమ్ సీడీ ధర 15 డాలర్ల పైమాట. రేడియోలో ఒక పాట పిచ్చిగా మోగుతోంది, దాన్ని విడిగా అమ్మకుండా ఆపేస్తే ఏమవుతుంది? ఆ ఒక్క పాట కోసం జనం సీడీ మొత్తం కొంటారు. చార్టులో స్థానం పోతుంది, డబ్బు వస్తుంది. తొంభైల మధ్య నుంచి పెద్ద పాటల విషయంలో కంపెనీలు ఇదే పద్ధతి పట్టుకున్నాయి.

'ఐరిస్' కథలో ఈ లెక్క ఇంకా బాగా కనబడుతుంది. ఆ పాట రాసింది నికొలస్ కేజ్, మెగ్ రయన్ నటించిన 'సిటీ ఆఫ్ ఏంజెల్స్' సినిమా కోసం. 1998 వసంతకాలంలో ఆ సినిమా పాటల సీడీ వచ్చింది, ఆల్బమ్స్ చార్టులో నంబర్ వన్ అయింది. సెప్టెంబరులో బ్యాండు సొంత ఆల్బమ్ 'డిజ్జీ అప్ ద గర్ల్' వచ్చింది. అందులోనూ 'ఐరిస్' ఉంది. రెండు సీడీలూ వార్నర్ గొడుగు కింద వచ్చినవే. అంటే ఒకే పాట రెండు వేర్వేరు సీడీలను మోసింది. విడిగా కొనుక్కుందామంటే మాత్రం అమెరికాలో ఏ దుకాణంలోనూ దొరకలేదు. కంపెనీ చేసింది వ్యాపారం, చట్టవిరుద్ధం ఏమీ కాదు. అయితే సీడీల ధరల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కనీస ప్రకటన ధర అనే ఏర్పాటుతో దుకాణాలు ధర తగ్గించకుండా అయిదు పెద్ద కంపెనీలు అడ్డుకున్నాయని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తేల్చింది. 2000లో ఆ కంపెనీలతో రాజీ కుదుర్చుకుంది. అంతకుముందు మూడేళ్లలో జనం జేబులోంచి అదనంగా 48 కోట్ల డాలర్ల దాకా పోయి ఉండొచ్చని కమిషన్ అంచనా. 'ఐరిస్' కోసం సీడీ కొన్నవాళ్లు కూడా ఆ జనంలో ఉంటారు.

ఒక పాట కోసం మొత్తం కొనడం మన తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. క్యాసెట్ల రోజుల్లో మన దగ్గర సింగిల్ అనేదే లేదు. సినిమా క్యాసెట్ కొంటే ఆరు పాటలూ కొన్నట్టే, అందులో మనసుకు నచ్చింది ఒక్కటే అయినా సరే. అందుకే ఊరూరా రికార్డింగ్ షాపులు నడిచాయి. తెల్ల కాయితం మీద పాటల జాబితా రాసి, ఖాళీ క్యాసెట్‌తో పాటు ఇస్తే రెండు మూడు రోజుల్లో రికార్డు చేసి ఇచ్చేవాడు. ఎ వైపు చివర్లో పాట సగంలో తెగిపోతే బి వైపు మళ్లీ మొదటినుంచి వేసేవాడు, మంచివాడైతే. ఆ జాబితాలే మన అసలు చార్టులు. ఏ పాట ఎక్కువ కాయితాల మీదికి ఎక్కిందో షాపువాడికి తెలుసు. ఆ లెక్క ఎక్కడా అచ్చు కాలేదు.

మళ్లీ 1998కి వద్దాం. ఆ వేసవిలో హాట్ 100 నంబర్ వన్ ఏది? బ్రాందీ, మోనికా అనే ఇద్దరు గాయనులు కలిసి పాడిన 'ద బాయ్ ఈజ్ మైన్'. 13 వారాలు. అది పెద్ద హిట్టే, సందేహం లేదు. సెప్టెంబరు వచ్చేసరికి ఏరోస్మిత్ పాట 'ఐ డోంట్ వాంట్ టు మిస్ ఎ థింగ్' నేరుగా మొదటి స్థానంలోకి దిగి నాలుగు వారాలు కూర్చుంది. ఇది కూడా సినిమా పాటే, 'ఆర్మగెడాన్'లోది. ఇది కూడా రాక్ బ్యాండు పాడిన నెమ్మది ప్రేమగీతమే, దీనికి కూడా వెనక వయొలిన్ల దండు ఉంది. 'ఐరిస్'తో ఇన్ని పోలికలున్న పాట అదే ఏడాది నంబర్ వన్ అయింది, ఎందుకంటే దాన్ని సింగిల్‌గా అమ్మారు. రెండింటికీ తేడా పాటలో లేదు. తేడా దుకాణం అరలో ఉంది.

'ఐరిస్' ఒంటరి కూడా కాదు. దానికి ముందు ఎయిర్‌ప్లే రికార్డు ఎవరిదో తెలుసా? కాలిఫోర్నియా బ్యాండు నో డౌట్ పాట 'డోంట్ స్పీక్'ది, 16 వారాలు. అదీ సింగిల్‌గా రాలేదు, హాట్ 100లో ఎన్నడూ కాలు పెట్టలేదు. బ్రిటన్‌లో మాత్రం సింగిల్‌గా అమ్మారు, 1997లో అక్కడ నంబర్ వన్ అయింది. అదే గొంతు, అదే పాట, సముద్రం దాటితే మొదటి స్థానం, సొంత దేశంలో శూన్యం. 1998లోనే నటాలీ ఇంబ్రూలియా 'టోర్న్' 11 వారాలు రేడియోలో మొదటి స్థానంలో ఉంది. అది, 'ఐరిస్' కలిపితే 29 వారాలు. అంటే ఆ ఏడాదిలో సగానికి పైగా రేడియోలో అన్నిటికంటే పెద్ద పాట, దేశపు అధికారిక హిట్ల జాబితాలో లేదు.

ఇంత పెద్ద చిల్లును బిల్‌బోర్డ్ కూడా ఎంతకాలం చూడనట్టు ఉంటుంది? 1998 డిసెంబరు 5 తేదీ చార్టు నుంచి నియమం మార్చారు. సింగిల్ అమ్మకానికి లేకపోయినా రేడియో బలంతో హాట్ 100లోకి రావచ్చన్నారు. ఆ వారమే 'ఐరిస్' 9వ స్థానంలో చేరింది. అప్పటికే దాని జోరు దిగిపోతోంది. అంతకంటే పైకి వెళ్లలేదు. 'టోర్న్' సంగతి ఇంకా అన్యాయం, 42తో ఆగిపోయింది. 'డోంట్ స్పీక్'కు ఆ కాస్త కూడా దక్కలేదు, దాని కాలం అప్పటికే దాటిపోయింది.

కాబట్టి ఈరోజు రికార్డుల పుస్తకంలో ఒక వరుస ఇలా ఉంటుంది: గూ గూ డాల్స్, 'ఐరిస్', అత్యున్నత స్థానం 9. బఫెలో నగరపు ఈ బ్యాండు 1995లో చేసిన 'నేమ్' పాట అదే చార్టులో 5వ స్థానానికి వెళ్లింది. అంకెలనే నమ్మేవాడు చూస్తే వాళ్లకు 'నేమ్' పెద్ద హిట్టు, 'ఐరిస్' దానికంటే చిన్నది. ఆ బ్యాండు కచేరీకి ఒక్కసారి వెళ్లినవాళ్లెవరూ ఈ మాట ఒప్పుకోరు. చిత్రం ఏమిటంటే, 2012లో బిల్‌బోర్డే పాప్ రేడియో చార్టు ఇరవై ఏళ్ల లెక్కలు తీసి, 1992 నుంచి 2012 దాకా వచ్చిన వంద పెద్ద పాప్ పాటల జాబితా వేసింది. దానికి నంబర్ వన్ 'ఐరిస్'. ఒకే పత్రిక, ఒకే పాట. ఒక జాబితాలో 9, ఇంకో జాబితాలో ఇరవై ఏళ్లకు కలిపి 1.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది, రావాలి కూడా. రేడియో లెక్క మాత్రం పవిత్రమైనదా? కాదు. 1996 టెలికమ్యూనికేషన్స్ చట్టం తర్వాత అమెరికాలో ఒక్కో కంపెనీ వందల స్టేషన్లు కొనేసింది. క్లియర్ ఛానల్ చేతిలో వెయ్యికి పైగా స్టేషన్లు చేరాయి. పాటలు వేయడానికి స్టేషన్లవాళ్లకు కానుకలూ ఖర్చులూ ముట్టజెప్పారన్న ఆరోపణ మీద న్యూయార్క్ అటార్నీ జనరల్ దర్యాప్తు చేస్తే, 2005లో సోనీ బీఎంజీ అనే మ్యూజిక్ కంపెనీ కోటి డాలర్లు కట్టి రాజీ పడింది. మరి రేడియోలో మోగినంత మాత్రాన జనం కోరుకున్నట్టేనా అని ఎవరైనా అడిగితే నేను ఒప్పుకుంటాను. 18 వారాలన్న అంకెను కూడా నేను దేవుడి మాటలా చూడను. అది కూడా ఒక లెక్కే, దాని వెనకా మనుషులూ డబ్బూ ఉన్నాయి.

మరి దేన్ని నమ్మాలి? నా దృష్టిలో ఒక్కటే, ఎవరూ తోసేవాళ్లు లేనప్పుడు పాట ఎంతకాలం నడిచిందన్నది. కంపెనీ ప్రచారం అయిపోయింది, సినిమా థియేటర్లలోంచి వెళ్లిపోయింది, రేడియోవాళ్లు కొత్త పాటల మీద పడ్డారు. ఆ తర్వాత కూడా జనం తమంతట తాము వెతుక్కుని వింటున్నారా? 'ఐరిస్' ఇక్కడే గెలిచింది. 1998లో బ్రిటన్‌లో దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2011లో, అంటే 13 ఏళ్ల తర్వాత, అక్కడి సింగిల్స్ చార్టులో 3వ స్థానానికి వెళ్లింది. అప్పటికి పాటలను ఒక్కొక్కటిగా డౌన్‌లోడ్ చేసుకునే రోజులు వచ్చేశాయి. కొనడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. స్పాటిఫైలో ఈ పాటను విన్న సంఖ్య వంద కోట్లు ఎప్పుడో దాటింది. విన్నవాళ్లలో చాలామంది అది వచ్చిన ఏడాదికి పుట్టి ఉండరు.

2004 జులై 4న బఫెలో సిటీ హాల్ ముందు గూ గూ డాల్స్ చేసిన కచేరీ వీడియో ఉంది, చూడండి. కుండపోత వాన. వేదిక మీదా నీళ్లే, గిటార్ మీదా నీళ్లే, బ్యాండు గాయకుడు జాన్ రెజ్నిక్ జుట్టు మొహానికి అతుక్కుపోయింది. సొంత ఊరి జనం వేలమంది తడుస్తూ నిలబడ్డారు, కదల్లేదు. 'ఐరిస్' మొదలయ్యేసరికి అతని గొంతు మీద వాళ్ల గొంతులు ఎక్కేశాయి. ఆ జనానికి హాట్ 100లో తొమ్మిదో స్థానం అన్నది ఏమైనా పట్టిందా?

నేను ఈ పాట మొదట విన్నది ఇంజనీరింగ్ హాస్టల్లో, ఒక సీనియర్ కంప్యూటర్లో. బ్యాండు పేరు తెలియదు, సినిమా తెలియదు, చార్టు అనే మాటే తెలియదు. పట్టుకున్నది ఆ మొదటి మాండొలిన్. అది వాయించింది బ్యాండువాళ్లు కాదు, టిమ్ పియర్స్ అనే స్టూడియో కళాకారుడని చాలా తర్వాత తెలిసింది. మధ్యలో వచ్చే స్లైడ్ గిటార్ కూడా అతనిదే. తర్వాత గిటార్ నేర్చుకునే రోజుల్లో ఈ పాట వాయిద్దామని కూర్చుంటే ఎంతకీ ఆ నాదం రాలేదు. స్వరాలు సరిగ్గానే పడుతున్నాయి, కానీ పాట ఎండిపోయినట్టు వినిపిస్తోంది. కారణం శ్రుతిలో ఉంది. మామూలుగా గిటార్ ఆరు తీగలకు ఇ, ఎ, డి, జి, బి, ఇ అని శ్రుతి చేస్తారు. రెజ్నిక్ ఈ పాటకు లావు తీగను బికి దింపి, మిగతా అయిదింటినీ డిలోనే పెట్టాడు. అయిదు తీగలు ఒకే స్వరం పలుకుతుంటే తంబురా మీటినట్టు ఒక శ్రుతి కింద నడుస్తూనే ఉంటుంది, పాట దాని మీద కదులుతుంది. అలా శ్రుతి మార్చి మొదటిసారి మీటినప్పుడు చేతిలో ఉన్నది నా గిటారేనా అనిపించింది. తీగలు మరీ వదులై ఫ్రెట్లకు కొట్టుకుని గరగరలాడాయి, అయినా ఆ నాదం వచ్చేసింది. ఇక తాళం వేస్తూ వింటే ఇంకోటి తెలుస్తుంది. ఆరు లెక్కలో హాయిగా ఊగుతున్న పాట మధ్యలో ఒకచోట నడక మారుస్తుంది, అక్కడ చెయ్యి తప్పుతుంది. రేడియో కోసం లెక్కలేసి చేసే పాటలో ఇలాంటివి పెట్టరు. 'నేమ్' హిట్టయ్యాక రెజ్నిక్‌కు చాలాకాలం పాట రాయడమే కుదరలేదు, ఈ సినిమా చూశాక వచ్చిన పాట ఇది. ఇన్నేళ్లు నిలవడానికి కారణం ఇక్కడ వెతకాలి. చార్టులో దొరకదు.

ఇలాంటిదే ఇంకో పాట గురించి ఒక్క మాట. లాస్ వేగాస్ బ్యాండు ద కిల్లర్స్ చేసిన 'మిస్టర్ బ్రైట్‌సైడ్' 2004లో బ్రిటన్ చార్టులో 10వ స్థానం దాటలేదు. కానీ అక్కడి టాప్ 100లోకి వస్తూ పోతూ 400 వారాలకు పైగా గడిపింది. 2024లో బ్రిటన్ అఫీషియల్ చార్ట్స్ సంస్థ, నంబర్ వన్ కాని పాటల్లో అన్నిటికంటే పెద్దది ఇదేనని ప్రకటించింది. అంతకుముందు ఆ స్థానం ఒయాసిస్ పాట 'వండర్‌వాల్'ది, అది రెండో స్థానంతో ఆగిన పాట. బ్రిటన్ చార్టులో పాత పాటలకు కొంత చోటుంది కాబట్టి ఈ సంగతి బయటపడింది. అమెరికా హాట్ 100లో 20 వారాలు దాటాక 50వ స్థానం కిందికి జారిన పాటను తీసేసే నియమం ఏళ్ల తరబడి నడిచింది. కొత్త పాటలకు చోటివ్వాలన్నది వాళ్ల ఉద్దేశం, అర్థం చేసుకోగలను. కానీ నిలిచే గుణాన్ని కొలవకుండా ఆ నియమమే అడ్డుపడింది.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అనొచ్చు. మా పిన్ని కొడుకు ఒక హీరోకి వీరాభిమాని. కొత్త పాట లిరికల్ వీడియో వచ్చిన మర్నాడు పొద్దున్నే ఫోన్లో స్క్రీన్‌షాట్ పెడతాడు. "అన్నా, 24 గంటల్లో ఎన్ని వ్యూసో చూడు, ఆల్‌టైమ్ రికార్డ్." పాట ఎలా ఉందిరా అని అడిగితే, "వినాలి ఇంకా, నిన్నంతా ట్యాగ్ ట్రెండింగ్‌లోనే ఉన్నాం" అంటాడు. వాడిని తప్పుపట్టి లాభం లేదు. ఆ అంకెను పోస్టర్ మీద వేసి వాడి చేతిలో పెట్టింది నిర్మాణ సంస్థలూ మ్యూజిక్ కంపెనీలూ. ఒకప్పుడు ప్లాటినం డిస్క్ ఫంక్షన్లు చేసేవారు, స్టేజి మీద అందరికీ మెరిసే డిస్కులు పంచేవారు. ఎన్ని క్యాసెట్లు అమ్ముడైతే ఆ ఫంక్షన్ చేస్తున్నారో ప్రేక్షకుడికి చెప్పినవాళ్లను నేను చూడలేదు. ఇప్పుడు డిస్కు పోయి వ్యూస్ వచ్చాయి.

ఆ వ్యూస్ ఎలా వస్తాయో కూడా తెలిసిన కథే. 2019 జులైలో బాద్‌షా పాట 'పాగల్' 24 గంటల్లో 7.5 కోట్ల వ్యూస్‌తో ప్రపంచ రికార్డు అన్నారు. ఆ పాటను యాడ్ల రూపంలో భారీగా చూపించారని బయటికొచ్చింది. సెప్టెంబరులో యూట్యూబ్ నియమం మార్చింది. డబ్బు కట్టి వేయించిన యాడ్ల వ్యూస్‌ను 24 గంటల రికార్డుల లెక్కలో కలపబోమని చెప్పింది. 1998లో బిల్‌బోర్డ్ నియమం మార్చుకున్నట్టే ఇదీ. లెక్కపెట్టేవాళ్లు ప్రతిసారీ ఒక చిల్లు పూడుస్తారు, అమ్మేవాళ్లు ఇంకోచోట దారి చూసుకుంటారు. నడుమ నలిగిపోయేది వినేవాడి ఇష్టం.

తెలుగులో మనకు ఇప్పటికీ నమ్మదగిన పాటల చార్టు లేదు. కొందరు దీన్ని లోటు అంటారు. మొదటి 24 గంటలను కొలిచే చార్టే అయితే అది లేకపోవడమే మేలని నేనంటాను. కావాల్సింది వేరే ఉంది. విడుదలై పదేళ్లు దాటిన తెలుగు పాటల్లో ఈ వారం జనం ఏవి విన్నారు? ఏ ఊళ్లో ఏవి? స్ట్రీమింగ్ కంపెనీల దగ్గర ఈ లెక్క ప్రతి రోజూ తయారుగా ఉంటుంది. వివిధ భారతి జనరంజనికి ఉత్తరం రాసిన శ్రోత పేరు, ఊరు, కోరిన పాట ఒకప్పుడు గాలిలో వినబడేవి. ఆ పాటి సమాచారం కూడా ఇవాళ ఇన్ని కంప్యూటర్లు పెట్టుకుని బయటికి ఇవ్వడం లేదు. వారానికోసారి ఆ పాత పాటల జాబితా ప్రకటించమని మనం అడగాలి. అందులో మొదటి వరుసలో ఉండే పాటలు విడుదల రోజున ఏ రికార్డూ కొట్టి ఉండవని నా గట్టి నమ్మకం. తప్పని తేలితే తేలనివ్వండి, ముందు ఆ జాబితా బయటపెట్టమనండి.